నేలపట్టు, పులికాట్‌లో పక్షుల్ని చూడాలంటే ఒక ఉదయాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి

"నేలపట్టు వెళ్లొచ్చాం, ఒక్క ఫ్లెమింగో కూడా కనపడలేదు." చలికాలం వచ్చిందంటే ఈ మాట ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, దాని వెనకే ఇంకో ప్రశ్న, ఎన్నింటికి వెళ్తే కనపడతాయి అని. టైముతో పని లేదు, అవి ఉండే చోటు అది కాదు. నేలపట్టు మంచినీటి చెరువు. నీళ్లలోనే నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఫ్లెమింగోలకు, అంటే ఆ పొడుగు కాళ్ల గులాబీ పక్షులకు, కావాల్సింది లోతు లేని ఉప్పునీళ్లు, బురద, చుట్టూ కనుచూపు మేర ఖాళీ. అది పులికాట్ సరస్సు, నేలపట్టుకి సుమారు 20 కిలోమీటర్లు. సూళ్లూరుపేటలో ఏటా జరిగే పండగ పేరు ఫ్లెమింగో ఫెస్టివల్, ఫొటోలు మాత్రం నేలపట్టు గూడబాతులవి కూడా కలిపి వస్తాయి, అందుకే చాలామంది రెండూ ఒకే చోటు అనుకుంటారు.

ఒకే ఉదయంలో రెండూ చూడొచ్చు. కానీ వరస ముఖ్యం, ఎక్కడ నిలబడాలో ముఖ్యం, అన్నిటికంటే ముఖ్యం పక్షిని లేపకుండా చూడటం. కింద రాసిందంతా మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం.

ఎప్పుడు వెళ్లాలి

ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువు నిండాక, అంటే డిసెంబర్ సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. నేలపట్టులో గూళ్లు అక్టోబర్, నవంబర్ నుంచే మొదలవుతాయి కానీ అప్పుడు తుఫాన్లు, ముసురు. జనవరిలో అయితే గూళ్లలో పిల్లలు ఉంటాయి, పులికాట్‌లో వలస బాతులు కూడా ఉంటాయి.

వానలు సరిగా పడని ఏడాది రోడ్డు పక్క పులికాట్ తొందరగా ఎండిపోతుంది. బయల్దేరే ముందు సూళ్లూరుపేటలో ఎవరికైనా ఫోన్ చేసి "సరస్సులో నీళ్లున్నాయా?" అని ఒక్క మాట అడగండి, లాడ్జి వాళ్లనైనా సరే. శని, ఆదివారాలు వద్దు. ఫెస్టివల్ సాధారణంగా జనవరిలో పెడతారు. పిల్లలకి సరదాగా ఉంటుంది, స్టాళ్లు, ఆటపాటలు బాగుంటాయి, కానీ ప్రశాంతంగా పక్షులు చూడాలంటే ఆ రోజులు కాకుండా వేరే వారం పెట్టుకోండి.

ఏమేం కావాలి

బైనాక్యులర్స్. ఇది లేకుండా వెళ్తే దూరంగా తెల్లటి చుక్కలు చూసి తిరిగొస్తారు. 8×42 గానీ 8×40 గానీ తీసుకోండి, మొదటిసారి కొనేవాళ్లకి సరిపోయేది పది వేల రూపాయల లోపే దొరుకుతుంది. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రోడ్డు పక్కన, ఆన్‌లైన్‌లో "50 రెట్లు జూమ్" అని అమ్మేవి కొనకండి. చెయ్యి కొంచెం కదిలినా బొమ్మ ఊగిపోతుంది, పొద్దున్నే వెలుతురు తక్కువ ఉన్నప్పుడు చీకటిగా కనిపిస్తుంది. కొనేంత డబ్బు ఇప్పుడు లేకపోతే అడిగి తెచ్చుకోండి, ఇద్దరికి ఒకటి ఉన్నా సరిపోతుంది.

ఆకుపచ్చ, మట్టి రంగు, బూడిద రంగు బట్టలు. తెలుపు, ఎరుపు, మెరిసేవి వద్దు. టోపీ, నీళ్లు, చిన్న నోట్‌బుక్, పెన్సిల్. చెరువు కట్ట మీద గడ్డిలో పాములు తిరుగుతాయి కాబట్టి చెప్పులు కాదు, బూట్లు. టిఫిన్ కట్టించుకుని వెళ్లండి, సరస్సు రోడ్డు మీద హోటళ్లు ఉండవు. టాయిలెట్ పని సూళ్లూరుపేటలోనే చూసుకుని బయల్దేరాలి, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు ఉంటే.

పెద్ద కెమెరా తప్పనిసరి కాదు. మొదటిసారి అది లేకుండా వెళ్తేనే మంచిదని నా అభిప్రాయం. కెమెరా ఉంటే రెండు గంటలు స్క్రీన్‌లోకి చూస్తూ గడిచిపోతాయి.

ఎలా చేయాలి

1. ముందు రోజు సాయంత్రానికే సూళ్లూరుపేట చేరండి. చెన్నై నుంచి సుమారు 80 కిలోమీటర్లు, లోకల్ రైళ్లు ఉన్నాయి. నెల్లూరు, గూడూరు వైపు నుంచి రైలు, బస్సు రెండూ ఉన్నాయి. తిరుపతి వాళ్లు నాయుడుపేట మీదుగా రావచ్చు. ఊళ్లో లాడ్జిలు ఉన్నాయి. సొంత బండి లేకపోతే రాత్రే ఒక ఆటోనో కారో మాట్లాడుకోండి, "పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండు దాకా, మధ్యలో ఆగుతూ పోవాలి" అని స్పష్టంగా చెప్పి రేటు కుదుర్చుకోండి. ఆగుతూ అనే మాట చెప్పకపోతే డ్రైవర్‌కి చిరాకు, మీకు టెన్షన్.

2. బైనాక్యులర్స్ రాత్రే సెట్ చేసుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తర్వాత "నాకు మసకగా కనిపిస్తోంది, ఇది బాగాలేదు" అంటారు. వరస ఇది: రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ వంచుతూ రెండు వలయాలు కలిసి ఒకే గుండ్రం అయ్యేలా చూసుకోండి. దూరంగా అక్షరాలున్న ఒక బోర్డు చూడండి. కుడి కన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చెయ్యండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న రింగు మాత్రం తిప్పి మళ్లీ అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, ఇక దాన్ని కదపక్కర్లేదు, మధ్య చక్రం ఒక్కటే వాడతారు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి మడిచి, అద్దాలతోనే చూడాలి.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు కళ్లతో ఆ బోర్డును కాసేపు చూడండి. కళ్లు లాగినట్టు అనిపించినా, బొమ్మ రెండుగా కనిపించినా మళ్లీ మొదటి నుంచి.

ఇంకో పని, కరెంటు స్తంభం మీద కాకి మీద ప్రాక్టీస్ చెయ్యండి. ముందు మామూలు కళ్లతో కాకిని చూడాలి, చూపు దాని మీద నుంచి తియ్యకుండా బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తేవాలి. బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకున్నాక పక్షిని వెతికితే ఆకాశం, ఆకులు తప్ప ఏమీ దొరకవు.

3. పులికాట్ ముందు, నేలపట్టు తర్వాత. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. గూట్లో పిల్లలున్న గూడబాతు పదింటికి కూడా అక్కడే ఉంటుంది. పులికాట్‌లో మాత్రం తొమ్మిది, తొమ్మిదిన్నర దాటాక ఎండకి నీళ్ల మీద గాలి మరిగి, దూరంగా ఉన్న పక్షులన్నీ వణుకుతూ కనిపిస్తాయి. అప్పుడు ఎంత ఖరీదైన బైనాక్యులర్స్ ఉన్నా లాభం లేదు. అందుకని ఆరింటికల్లా సూళ్లూరుపేటలో బయల్దేరి శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. జనవరిలో ఇక్కడ సూర్యుడు వచ్చేది ఆరున్నర ప్రాంతంలో, ఆ టైముకి మీరు నీళ్ల పక్కన ఉండాలి.

ముందు రోజు తొందరగా చేరిన వాళ్లకి ఇంకో వీలుంది. సాయంత్రం నాలుగున్నరకి నేలపట్టు వెళ్లి గూళ్లకి తిరిగొచ్చే కొంగల్ని చూసి, పొద్దున్నంతా పులికాట్‌కే పెట్టుకోవచ్చు. గేటు ఎన్నింటికి మూస్తారో మాత్రం ముందే కనుక్కోండి.

4. రోడ్డుకి ఎడమ పక్క చూడండి. ఈ రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుగా పోతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు. వెళ్లేటప్పుడు కుడి పక్క, అంటే దక్షిణం వైపు చూస్తే పక్షులన్నీ నల్లటి ఆకారాలే. ఎడమ పక్క, ఉత్తరం వైపు చూస్తే వెలుగు వాటి మీద పడుతుంది, రంగులు తెలుస్తాయి. మంచి గుంపు కుడి పక్కనే ఉందనుకోండి, దాన్ని దాటి కొంత ముందుకెళ్లి ఆగి, వెనక్కి తిరిగి పడమర వైపు చూడండి. సూర్యుడు మీ వీపు వైపుకి వస్తాడు.

బండి రోడ్డు మీద ఆపకండి. శ్రీహరికోట ఉద్యోగుల బస్సులు, కార్లు పొద్దున వేగంగా పోతుంటాయి. దారిలో వచ్చే అటకానితిప్ప ఊరి దగ్గరో, రోడ్డు అంచు వెడల్పుగా గట్టిగా ఉన్న చోటో పూర్తిగా పక్కకి తియ్యండి. అలాగని బండిని సరస్సులోకి దింపొద్దు! పైన ఆరి పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది, లోపలంతా అడుసు. కాలు పెట్టినా దిగబడుతుంది, కారు దిగబడితే ఆ ఉదయం అక్కడితో సరి.

రోడ్డు చివర శ్రీహరికోట గేటు. పాస్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు, గేటు దగ్గర ఆగి ఫొటోలు తీయొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ దారి పెట్టుకోకండి, రద్దీ, తనిఖీలు ఎక్కువ. డ్రోన్ సంగతి అసలు తలపెట్టొద్దు.

5. బండి దిగకుండా మొదటి పది నిమిషాలు చూడండి. ఇంజన్ ఆపండి, పాటలు ఆపండి, అద్దం సగం దించి దాని మీద బైనాక్యులర్స్ ఆనించండి, చెయ్యి వణకదు. కారు ఆగి ఉంటే పక్షులు పెద్దగా పట్టించుకోవు, అందులోంచి మనిషి దిగితే మాత్రం లేస్తాయి. ఆటో అయినా అంతే.

ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, నీళ్ల అంచు వెంబడి చూడండి. ఫ్లెమింగోలు తల కిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకుంటూ నడుస్తుంటాయి. గుంపులో బూడిద రంగు కలిసిన మురికి తెలుపువి కనిపిస్తే అవి వేరే జాతి కాదు, చిన్న వయసువి, ఆ గులాబీ రంగు తిండి వల్ల మెల్లగా వస్తుంది. సూదితోక బాతులు, పొడుగు ఎర్రకాళ్ల ఉల్లంకులు, రకరకాల చిన్న ఉల్లంకులు (నీళ్ల అంచున బురదలో తిండి వెతుక్కునే పక్షులు) దగ్గర్లోనే ఉంటాయి. అందరూ ఫ్లెమింగోల్నే చూసి వీటిని వదిలేస్తారు, నిజానికి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవి ఎక్కువగా ఈ చిన్నవే.

మీరు మరీ దగ్గరికి వెళ్లారో లేదో పక్షులే చెప్తాయి. తలలు నీళ్లలో ఉన్నంతసేపూ పర్లేదు. తినడం మానేసి తలలన్నీ ఒకేసారి పైకి లేస్తే ఆగండి. అన్నీ ఒకే వైపుకి నడక మొదలుపెడితే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు, వెంటనే వెనక్కి జరగండి. ఇంకో అడుగు వేస్తే గుంపంతా లేస్తుంది. ఆ లేచే ఫొటో కోసమే చప్పట్లు కొట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి, పక్కవాళ్లు చేస్తుంటే ఆపండి. పొద్దున తినాల్సిన టైములో అవి పదేపదే లేచి ఎగిరితే ఆ బలమంతా వృథా, వలస పక్షికి ఆ బలమే తిరుగు ప్రయాణం.

6. తొమ్మిదిన్నరకి నేలపట్టు వైపు. సూళ్లూరుపేట వచ్చి, నెల్లూరు వైపు హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. గేటు దగ్గర టికెట్ తీసుకునేటప్పుడే సిబ్బందిని అడగండి, "ఈ వారం గూళ్లు ఏ పక్క బాగా కనిపిస్తున్నాయి?" అని. రోజూ చూసేవాళ్లు వాళ్లు, ఆ ఒక్క జవాబుతో మీకు గంట కలిసొస్తుంది.

7. కట్ట మీద ఒక చోట కూర్చోండి. మొదటి వాచ్‌టవర్ ఎక్కి, ఫొటో తీసి, దిగి, రెండోదానికి పరుగు, ఇరవై నిమిషాల్లో బయటికి. ఎక్కువమంది చేసేది ఇదే. సూర్యుడు వెనక ఉండే చోటు చూసుకుని ఒకే చెట్టును అరగంట చూస్తూ ఉండండి. ఒక గూడబాతు గూడు ఎంచుకోండి. తల్లి వచ్చి వాలడం, పిల్ల దాని గొంతు సంచిలోకి తల దూర్చి చేప తినడం, పక్క గూటి కొంగ పుల్ల ఎత్తుకుపోవడం, ఇవన్నీ అప్పుడే కనిపిస్తాయి.

గట్టిగా మాట్లాడొద్దు, నీళ్ల అంచుకి దిగొద్దు, ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవొద్దు. గూళ్ల మీద పెద్ద పక్షులు బెదిరి లేచిపోతే ఆ కాసేపట్లో కాకులు, గద్దలు గుడ్లు, పిల్లల్ని ఎత్తుకుపోతాయి. రెక్కలు రాని పిల్లలు ఎండకి కూడా తట్టుకోలేవు. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే "ఎవరు ముందు పిల్ల పక్షిని కనిపెడతారో చూద్దాం" అనండి, అరుపులు వాటంతట అవే తగ్గుతాయి.

8. పేరు తర్వాత, ముందు ఈ నాలుగు చూడండి: ఎంత సైజు (పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, అంతకంటే పెద్దదా), ముక్కు ఎలా ఉంది, కాళ్ల రంగు, ఎగిరేటప్పుడు మెడ. ఈ చివరిది ఇక్కడ బంగారం లాంటి గుర్తు. తెల్లకొంగలు, నారాయణపక్షులు మెడ ముడుచుకుని ఎగురుతాయి. గూడబాతు అంత పెద్దదైనా మెడ ముడుచుకునే ఎగురుతుంది. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, కంకణాయి, తెడ్డుమూతి కొంగ, ఫ్లెమింగో, ఇవన్నీ మెడ ముందుకి చాచి ఎగురుతాయి.

9. చూసింది అక్కడే రాసుకోండి. గంట తర్వాత రాద్దామనుకుంటే ముక్కు రంగు పసుపా నలుపా గుర్తుండదు. గుంపుని లెక్కపెట్టాలంటే ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసుకుని, అదే కొలతతో గుంపంతా కొలవండి. పెద్ద గుంపుకి యాభైల కొలత. రెండోసారి అటు చివర నుంచి కొలవండి. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే సరే, బాగా తేడా ఉంటే మూడోసారి.

ఎక్కువగా పొరబడే చోట్లు

నేలపట్టులో "అదిగో ఫ్లెమింగో" అని చూపించేది దాదాపు ఎప్పుడూ ఎర్రకాళ్ల కొంగే. తోక దగ్గర రెక్కల మీద గులాబీ రంగు ఉంటుంది, అందుకే పొరపాటు. దాని ముక్కు పొడుగ్గా పసుపు రంగులో ఉంటుంది, ముఖం నారింజ రంగు, రొమ్ము మీద నల్లటి పట్టీ. ఫ్లెమింగో ముక్కు పొట్టిగా, మధ్యలో కిందికి వంగి, కొస నల్లగా ఉంటుంది. ఎర్రకాళ్ల కొంగ పిల్లలు మట్టి రంగులో ఉంటాయి, వాటిని కొత్త జాతి అని రాసేస్తుంటారు.

తెల్లగా ఉన్నవన్నీ ఒకే కొంగ కాదు. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పాదాలు మాత్రం పసుపు అయితే చిన్న తెల్లకొంగ. గేదెల వెంట తిరిగేది, పసుపు ముక్కు, పొట్టి మెడ ఉన్నది పశువుల కొంగ. బాగా పొడుగ్గా, మెడ మధ్యలో విరిగినట్టు ఒంపు ఉంటే పెద్ద తెల్లకొంగ. కూర్చున్నప్పుడు మట్టి రంగులో ఉండి, ఎగరగానే తెల్ల రెక్కలు బయటపడితే అది గుడ్డికొంగ. కొత్తవాళ్లు దీన్ని రెండు పక్షులుగా రాస్తారు.

నీటికాకి, పాముమెడ పక్షి రెండూ నల్లగానే ఉంటాయి. ముక్కు కొస కొక్కెంలా వంగితే నీటికాకి. ముక్కు సూదిలా ఉండి, ఒళ్లంతా నీళ్లలో మునిగి సన్నటి మెడ ఒక్కటే బయట ఆడుతుంటే పాముమెడ పక్షి.

ఇక "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అనే మాట. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే, నీళ్లని బట్టి చోటు మారతాయి, పిల్లల్ని పెంచడానికి మన చెరువుల్నే నమ్ముకుంటాయి. మన దగ్గరికొచ్చే ఫ్లెమింగోలు కూడా అక్కణ్నుంచి వచ్చినవి కావు, మన దేశంలో అవి గూళ్లు పెట్టే పేరున్న చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. ఉత్తర దేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటి బాతులు, ఉల్లంకుల్లో చాలా రకాలు. ఈ తేడా పట్టించుకోవాలి, ఎందుకంటే విదేశీ అతిథి అనుకున్నదాన్ని ఏప్రిల్‌లో మర్చిపోతాం, మన ఊరి పక్షి అని తెలిస్తే దాని చెరువు గురించి ఏడాదంతా అడుగుతాం.

మీ లిస్టు సరైనదేనా?

ఇంటికొచ్చాక ఒక్కో పేరు పక్కన అది అదే అని ఎందుకు అనుకున్నారో ఒక్క కారణం రాయండి. కారణం రాయలేకపోతే ఆ పేరు కొట్టేసి "తెలియని ఉల్లంకి" అనో "తెలియని గద్ద" అనో రాయండి, అందులో తప్పేమీ లేదు. మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో ఫొటో పెట్టినా, కూత వినిపించినా పేరు చెప్తుంది, కానీ దాన్ని సాక్షిగా వాడండి, జడ్జిగా కాదు. మసక ఫొటోకి కూడా ధైర్యంగా ఏదో ఒక పేరు చెప్పేస్తుంది. పక్షులు చూసేవాళ్లు తమ లిస్టులు పెట్టే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నేలపట్టు, పులికాట్‌లకి ముందు వెళ్లినవాళ్లు పెట్టిన లిస్టులు ఉంటాయి, మీ పక్షి ఆ నెలలో అక్కడ ఎవరికైనా కనిపించిందా చూడండి. ఎవరికీ కనిపించనిది మీకు కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది మీ గుర్తింపునే. మొదటి ఉదయం పాతిక రకాలు కారణంతో సహా రాయగలిగితే చాలా బాగా చేసినట్టే. లిస్టుని ఈబర్డ్‌లో మీరూ పెట్టండి, చూసిన సంఖ్యలతో సహా.

అంత దూరం వెళ్లలేకపోతే

గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కైకలూరు దగ్గర కొల్లేరులో ఆటపాక, టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఈ మూడు చోట్లా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు బాగా దగ్గరగా కనిపిస్తాయి, పైన చెప్పిన 2, 7, 8, 9 పనులు అలాగే చెయ్యొచ్చు. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా చలికాలంలో అక్కడ పక్షులు తక్కువేమీ కాదు, బైనాక్యులర్స్ అలవాటు చేసుకోవడానికి మంచి చోటు.

గూటి కింద పడిన పిల్ల కనిపిస్తే

దీన్ని కూడా చాలామంది అడుగుతారు. ఎత్తుకోకండి, నోట్లో నీళ్లు పోయకండి, బిస్కెట్లు, చేప ముక్కలు పెట్టకండి, గూట్లో పెడదామని చెట్టెక్కకండి. నైలాన్ దారం చుట్టుకున్న కొంగ కనిపించినా మీరే లాగి విప్పకండి, రెక్క విరుగుతుంది, దాని ముక్కు మీ కంటికి ప్రమాదం. ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, ఒకరు గేటు దగ్గర అటవీశాఖ సిబ్బందికి చెప్పడానికి వెళ్లండి, ఇంకొకరు అక్కడే దూరంగా నిలబడి వాళ్లొచ్చేదాకా కుక్కలు, జనం అటు పోకుండా చూడండి.